మైల కడిగిన బొమ్మలు

ముందు పోయినవేవో చెబుతాను. ముప్పై నాలుగు బొమ్మల్లో బొమ్మ ఒక్కటి కూడా పోలేదు. పోయినవి ఇవి: అట్టపెట్టెలు ఇరవై ఒకటి. ఆ పెట్టెల్లో బొమ్మ కదలకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ అచ్చులు ఇరవై ఒకటి. విడి చేతులు ఇరవై ఏడు. ఛాతీ మీద అతికించిన గుర్తులు ఆరు. ఒక బొమ్మ గుండెలో వెలిగే చిన్న దీపం ఒకటి. ఇవి కాక, వీపు మీది గుడ్డలు నాలుగు ముడుచుకుపోయాయి. తెల్ల దుస్తుల వీరులు ముగ్గురు పసుపు రంగుకి తిరిగారు. డబ్బులో చెప్పాలంటే లక్షా ముప్పై ఏడు వేల రూపాయలు. ఆ సొమ్ము నాది కాదు. ఆ బొమ్మలూ నావి కావు. నా మాట నమ్మి మా ఇంట్లో పెట్టిన మనిషివి.

నేను బరాజ్ అవతల ఒక కొబ్బరికాయల గోడౌన్‌లో లెక్కలు రాస్తాను. ఉండేది ధవళేశ్వరంలో. పదో తరగతితో చదువు ఆగిపోయింది. లెక్క మాత్రం ఆగలేదు. దింపు ముందు తోటలోకి వెళ్లి, చెట్టు కింద నిలబడి గెలలు చూసి, ఈ తోటలో ఇన్ని వేల కాయలు దిగుతాయని చెప్పడం నా పని. వందకి రెండో మూడో తేడా వస్తుంది. ఎవరూ నేర్పలేదు. తప్పులు చేసి, చేసిన తప్పుని రాసుకుని, మళ్లీ చూసి నేర్చుకున్నాను.

సూపర్‌హీరో బొమ్మల దగ్గరికి నన్ను తీసుకెళ్లింది కూడా వీరుల మీద ప్రేమ కాదు, ఒక లెక్క. రాజమండ్రిలో పాత సామాన్ల వాడి గుట్టలో ఎనిమిది వందలకి ఒక ముసుగు వీరుణ్ణి చూశాను. అదే బొమ్మ ఫోన్‌లో ఎవరో ఆరు వేలకి అమ్ముతున్నారు. ఒకే అచ్చులో పోసిన రెండు బొమ్మలకి ఇంత తేడా ఎందుకు? ఈ ప్రశ్నకి జవాబు వెతకడానికి ఆ బొమ్మ కొన్నాను. పదేళ్లలో అవి పంతొమ్మిది అయ్యాయి.

జవాబు దొరికింది. ఒక కాగితం మీద గడులు గీసుకున్నాను. నూటికి పెట్టెకి నలభై, కీళ్లకి ఇరవై, రంగుకి ఇరవై, విడి సామానుకి ఇరవై. విడి సామాను అంటే ఆయుధాలు, వీపు మీది గుడ్డ, ముఖ్యంగా చేతులు. మంచి బొమ్మకి మూడు నాలుగు జతల చేతులు వస్తాయి. పిడికిలి ఒక జత, అరచెయ్యి తెరిచినది ఒక జత, ఏదో పట్టుకున్నట్టు వేళ్లు వంచినది ఒక జత. మణికట్టు దగ్గర ఊడదీసి మార్చుకోవాలి. ఒక్కో చెయ్యి కందిగింజకి కాస్త పెద్దగా ఉంటుంది. అది పోతే ఆరేడు మార్కులు పోతాయి.

నకిలీ బొమ్మ తూకంలో దొరికిపోతుంది. అసలుది నూట ఎనభై గ్రాములుంటే నకిలీది నూట అరవై దాటదు. మెడ దగ్గర రంగు దాటి వచ్చిందా అన్నది భూతద్దంతో చూడాలి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వానాకాలంలో అట్ట ఉబ్బుతుంది, పాత ప్లాస్టిక్ చేతికి జిగటగా తగులుతుంది. అవన్నీ చూసి మార్కులు వెయ్యాలి. ఇక అసలు సీలు విప్పని పెట్టె అయితే లోపలి బొమ్మని ఎవరూ ముట్టుకోలేదన్న నమ్మకానికే సగం ధర. తెరవని పెట్టెకి ఎక్కువ ఇవ్వడం, తెరిస్తే తగ్గించడం మొదట్లో నాకు వింతగా ఉండేది. బజారు అలా నడుస్తోంది కాబట్టి అలాగే రాశాను.

మెల్లగా తెలిసినవాళ్లు ఫోటోలు పంపి, ఇది ఎంత చేస్తుందండీ అని అడగడం మొదలుపెట్టారు. ఫీజు తీసుకునేవాణ్ణి కాదు. ఫీజు పుచ్చుకుంటే లెక్క వంగుతుంది.

అలా వచ్చినవాడే ఆ ముప్పై నాలుగు బొమ్మల మనిషి. రాజమండ్రిలో ఒక సందు మొదట్లో మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు బాగుచేసే షాపు అతనిది. వాళ్లది సముద్రం ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. అన్నదమ్ముల్లో వేట మానేసి ఊళ్లోకి వచ్చింది ఇతనొక్కడే. నాకన్నా పదేళ్లు చిన్న. పన్నెండేళ్లుగా, చెయ్యి కాస్త ఆడినప్పుడల్లా ఒక బొమ్మ కొని, షాపు అటక మీద దాచుకున్నాడు. వాటిలో ఇరవై ఒకటి సీలు కూడా విప్పలేదు.

ఇప్పుడు షాపు గది యజమాని గది అమ్మేస్తున్నాడు. ముందుగా అద్దెకున్న ఇతనికే ఇస్తానన్నాడు. కార్తీకమాసం ఆఖరిలోపు రెండు లక్షలు బయానా కట్టాలి, మిగతాది బ్యాంకు చూసుకుంటుంది. కట్టకపోతే వేరేవాళ్లకి. హైదరాబాద్‌లో ఒకాయన బొమ్మలన్నీ ఒకేసారి తీసుకుంటానన్నాడు గానీ, ఎవరైనా నమ్మకస్తుడు విలువ కట్టాలన్నాడు.

"మీరు రాసిస్తే చాలన్నారండి ఆయన," అన్నాడు అతను. "గది నాదైతే ఇంకెవడూ ఖాళీ చెయ్యమనడు కదండీ. బొమ్మలదేముంది, చేతిలో ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు."

షాపులో ఇనుప రజను, వేడి. అందుకని బొమ్మలన్నీ ఆటోలో మా ఇంటికి చేర్చాం. రోజూ పొద్దున్నే గోడౌన్‌కి వెళ్లే ముందు నాలుగైదు చూసేవాణ్ణి. ఏడో రోజుకి కాగితం పూర్తయింది. హైదరాబాద్ ఆయన కాగితం చూసి, ఫోన్‌లో రెండు లక్షల అయిదు వేలు ఖాయం చేశాడు. వచ్చే ఆదివారం స్వయంగా వచ్చి తీసుకెళ్తానన్నాడు.

ఎనిమిదో రోజున అతను ఆటో తెచ్చుకుని వచ్చాడు, పట్టుకెళ్తానని. నేనే వద్దన్నాను. "మళ్లీ ఆటోలో కుదుపులెందుకండి, పెట్టె మూల నొక్కుకుపోతే మూడు మార్కులు పోతాయి. ఆయన వచ్చి ఇక్కడి నుంచే తీసుకెళ్తాడు."

"ఆయ్, అలాగేనండి," అని ఖాళీ ఆటోతో వెళ్లిపోయాడు.

బొమ్మలు మా ఇంటికి వచ్చిన మర్నాడే ద్రాక్షారామం దగ్గర మా దాయాదుల్లో పెద్దాయన ఒకరు పోయారు. మాకు పదకొండు రోజుల మైల. ఇది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా అమ్మకి డెబ్బై ఎనిమిది. మైల రోజుల్లో ఇంట్లోంచి గుప్పెడు బియ్యం కూడా బయటికి ఇవ్వదు. బొమ్మల పెట్టెలు వచ్చిన రోజున నేను ఆమెతో అన్న మాటలు నాకు బాగా గుర్తు. "పరాయివాళ్ల సొత్తమ్మా, చాలా ఖరీదు. జాగ్రత్త." ఈ అయిదు మాటలే అన్నాను. ముట్టుకోవద్దు అనే మాట అనలేదు.

పదకొండో రోజు శనివారం. నేనూ మా ఆవిడా కార్యానికి ద్రాక్షారామం వైపు వెళ్లాం. మోకాళ్ల నొప్పులని అమ్మ ఇంటి దగ్గరే ఉండి ఇల్లు శుద్ధి చేసుకుంటానంది. తిరిగి వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. గుమ్మం నుంచి వంటింటి దాకా కడిగిన నేల ఇంకా తడిగా ఉంది. బొమ్మలు పెట్టిన గదిలో ఏమీ లేదు. మేడ మీదికి వెళ్లాను. పాత నేత చీర పరిచి, వడియాలు ఎండబెట్టినట్టు ముప్పై నాలుగు మంది వీరులు వరసగా ఎండలో పడుకుని ఉన్నారు.

"వచ్చావా? జాగ్రత్తగానే చేశాన్రా," అంది అమ్మ వెనక నుంచి. "ఒక్కొక్కదాన్నీ పసుపు నీళ్లలో ముంచి, కుంకుడు రసం పెట్టి మెత్తటి గుడ్డతో తోమాను. వేళ్ల సందుల్లో కూడాను. పొద్దుటినుంచీ ఇదే పని."

"పెట్టెలేవమ్మా?"

"అట్టని కడగలేం కదరా. మైల ఎలా వదులుతుంది? కాగు కింద పెట్టేశాను. అందరికీ తలస్నానానికి నీళ్లు కాగాయి. ప్లాస్టిక్కు చెత్తబండికి ఇచ్చేశాను."

"చేతులు? చిన్న చిన్న సంచుల్లో చేతులుండాలి."

"అవి చేతులా? చిన్నచిన్న ముక్కలేవో ఉన్నాయిరా. గిన్నెలో వేసి కడిగాను. నీళ్లు పారబోసేటప్పుడు కొన్ని తూములోకి పోయాయేమో."

"నిన్నెవరు కడగమన్నారమ్మా?"

ఆమె నా మొహం చూసి నిజంగానే ఆశ్చర్యపోయింది. "నువ్వే కదరా, పరాయివాళ్ల సొత్తు, జాగ్రత్తన్నావు! మనింటి మైల అంటించి వాళ్లింటికి పంపుతామా? రేపొద్దున్న అతనికేదైనా అయితే?"

ఆమె లెక్కలో ఒక్క గడి తప్పు లేదు. తన వస్తువులైతే పైపైన నీళ్లు చల్లి ఊరుకునేది. పరాయివి కాబట్టి మోకాళ్ల నొప్పులతో ఆరు గంటలు కూర్చుని ఒక్కొక్కటీ కడిగింది.

టీ జల్లెడ తీసుకుని తూము దగ్గర కూర్చున్నాను. కాలువలోకి కలిసే దాకా ఉన్న పదిహేను అడుగుల బురదా వడకట్టాను. అమ్మ పక్కన స్టూలు వేసుకుని, దొరికినవి కడిగి పళ్లెంలో వేస్తూ లెక్కపెట్టింది. మా ఇంట్లో ఏది లెక్కపెట్టినా ఒకటి అనం, లాభం అంటాం. మొదటి చెయ్యి, ఎర్రటి పిడికిలి, జల్లెడలో కనిపించగానే అమ్మ "లాభం" అంది. నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. లెక్క పంతొమ్మిది దగ్గర ఆగింది. ఉండాల్సినవి నలభై ఆరు.

మర్నాడు పొద్దున్నే అతని షాపుకి వెళ్లాను. నోటితో చెప్పడం నాకు చేతకాదు. కాగితం రాసుకుని వెళ్లాను. మొదటి వరసలో పాత మార్కులు, రెండో వరసలో కొత్త మార్కులు.

అతను ఒక మిక్సీ మోటారు విప్పుతున్నాడు. కాగితం తీసుకుని చూశాడు. "ఈ రెండో వరస ఏంటండి?"

చెప్పాను. అమ్మ గురించీ, మైల గురించీ, కాగు గురించీ. నేను ఆపాక అతను చేతిలోని స్క్రూలన్నీ ఒక మూతలో పోసి, షట్టర్ సగం దించి, "పదండి, చూద్దాం," అన్నాడు.

మా ఇంటికి వచ్చాక అమ్మ మజ్జిగ ఇచ్చింది. "నాయనా, పసుపు నీళ్లతో శుద్ధిగా కడిగాను. ఏ దోషమూ లేదు. హాయిగా పట్టుకెళ్లు," అంది.

అతను గ్లాసు రెండు చేతులతో అందుకున్నాడు. "మంచి పని చేశారమ్మగారూ. మా ఇంట్లో వాళ్లు కూడా ఇంత శ్రద్ధగా చెయ్యరు."

తర్వాత గదిలో కింద కూర్చుని ఒక్కో బొమ్మనీ తీశాడు. సీలు విప్పని ఇరవై ఒకటీ పన్నెండేళ్లలో అతను ముట్టుకున్నవి కావు. అతని చెయ్యి మరమ్మతు చెయ్యి. మోకాలు వంచి, భుజం తిప్పి, నడుము దగ్గర చెవి పెట్టి వింటాడు. "ఇదింత బరువుంటుందని తెలీదండి నాకు," అన్నాడు ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని. ఇంకొకదాన్ని ఒంటికాలి మీద నిలబెట్టాడు. అది నిలబడింది. దాని వంక చాలాసేపు చూశాడు. ఆ చూపుని నా కాగితంలో ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు; రాసినా గది బయానాకి అది పనికిరాదని ఇద్దరికీ తెలుసు.

హైదరాబాద్ ఆయన మధ్యాహ్నం వచ్చాడు. గుమ్మంలోనే చెప్పేశాను. చెప్పకుండా చూపించడం నా వల్ల కాదు. ఆయన మర్యాదస్తుడు. అన్నీ చూసి, "పెట్టె లేని బొమ్మలు నా దగ్గర బోలెడున్నాయండి," అని అరవై ఎనిమిది వేలు ఇస్తానన్నాడు. రెండు లక్షల అయిదు వేలలోంచి అరవై ఎనిమిది తీస్తే లక్షా ముప్పై ఏడు. ఆ అంకె అప్పటికే నా మనసులో రాసి ఉంది.

"మా బొమ్మలు కూడా ఉన్నాయండి, పంతొమ్మిది. పెట్టెలతో సహా. చూస్తారా?" అన్నాను ఆయనతో.

"అదేంటండి!" అని అతను లేచి నిలబడ్డాడు. "మీవెందుకమ్ముతారు?"

"మీ సొత్తు నా ఇంట్లో పాడైంది."

ఆయన, ముందు మీరిద్దరూ ఒక మాట అనుకుని విలువ రాసుకోండి, గంటలో వస్తాను అని రేవు చూడ్డానికి వెళ్లాడు.

ఇక్కడ వచ్చింది చిక్కు. నా బొమ్మలకి నేనే విలువ కడితే, నా బాకీకి నేనే తూకం వేసుకున్నట్టు. కాకి పిల్ల కాకికి ముద్దు. పదేళ్లుగా నా బొమ్మలకి నేను ఒకటి రెండు మార్కులు ఎక్కువే వేసుకుంటున్నానని నాకు లోపల తెలుసు. పాత కాగితం ప్రకారం అవి ఎనభై మూడు వేలు.

"మీరే వెయ్యండి మార్కులు," అని కాగితం అతని చేతికిచ్చాను.

అతను కీళ్లు చూశాడు, రంగు చూశాడు, కలంతో వేశాడు. కూడితే తొంభై ఒక్క వేలు వచ్చింది.

"ఇదెలా వచ్చిందండి? ఈ పెట్టె మూల నలిగింది కదా, నలభైకి నలభై వేశారేంటి?"

"ఎక్కడ నలిగిందండి? నాకు కనపళ్లేదు."

"వేలు పెట్టి చూడండి."

"నా వేళ్లు గ్రీజుతో మొద్దుబారిపోయాయండి, ఏం తెలీదు."

"ఈ రెక్కలవాడి రంగు మెడ దగ్గర దాటింది. నేను చెబుతున్నాగా."

"మీరు మీ సరుకుని మీరే తిట్టుకుంటారేంటండి? ఎక్కడైనా చూశామా!"

కాగితం లాక్కుని మళ్లీ నేనే వేశాను, ఎక్కడా జాలి లేకుండా. డెబ్బై నాలుగు వేల అయిదు వందలు వచ్చింది. అతను దాన్ని కొట్టేశాడు. నేను అతనిది కొట్టేశాను. వంటింట్లోంచి అమ్మ, "ఏవిట్రా ఆ గొడవ, బేరం కుదర్లేదా?" అని కేకేసింది.

"కుదిరిందమ్మగారూ, ఎక్కువ కుదిరింది!" అన్నాడు అతను.

చివరికి హైదరాబాద్ ఆయన వచ్చి రెండు కాగితాలూ పక్కన పెట్టి, బొమ్మలు చూసి, డెబ్బై ఎనిమిది వేలన్నాడు. నా లెక్క కన్నా మూడు వేల అయిదు వందలు ఎక్కువ. నా వైపు వంగకూడదని అవతలికి వంగాను. అదీ వంకరే. తోటలో అయితే అలాంటి తప్పు చెయ్యను.

అరవై ఎనిమిదీ డెబ్బై ఎనిమిదీ, లక్షా నలభై ఆరు వేలు. ఆ డబ్బు పట్టుకుని అతనూ నేనూ గది యజమాని దగ్గరికి వెళ్లాం. ఇంకో యాభై నాలుగు వేలకి నెల గడువు అడిగాం. ఆయన కోప్పడలేదు. "మీరు మంచివాళ్లేనండి. కానీ రెండు లక్షలతో ఒకాయన రెడీగా కూర్చున్నాడు. మీకోసమే ఇన్నాళ్లూ ఆపాను. మా అబ్బాయి అప్పుంది, బ్యాంకు వాళ్లు ఆగరు," అన్నాడు. అతను రెండు చేతులూ జోడించి బయటికి వచ్చేశాడు.

మెట్ల దగ్గర నిలబడి, నా వంక చూడకుండా అన్నాడు. "ఆ ఎనిమిదో రోజునే ఆటో ఎక్కించేసుంటే..." అని ఆపేశాడు. ఆ తర్వాత ఈ రోజు దాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పెట్టె మూల నలిగితే పోయేవి మూడు మార్కులు. మూడు మార్కుల కోసం ఇరవై ఒక్క పెట్టెలూ మా ఇంట్లో ఉంచాను. జాగ్రత్తలో కూడా ఎక్కువ తక్కువలు చూసుకోవాలని నాకు యాభై ఏళ్లకి తెలిసింది.

వారం తిరక్కుండా నా అలమర ఖాళీగా ఉండటం అమ్మ చూసింది.

"నీ బొమ్మలేవిరా?"

"అమ్మేశానమ్మా."

"మంచి రేటొచ్చిందా?"

"వచ్చింది."

"కడిగే పంపావా?"

"ఆ," అన్నాను. అతని గది పోయిందని ఆమెకి చెప్పలేదు. అతనే వద్దన్నాడు.

అతనిప్పుడు రెండు సందులు లోపలికి, అద్దె గదిలో షాపు నడుపుతున్నాడు. ఎండ తక్కువ, వెలుతురూ తక్కువ. ఒక శనివారం పని లేనప్పుడు వెళ్లి, పొద్దుట నుంచి దీపాలు పెట్టే దాకా బెంచీ మీద కూర్చుని వచ్చినవాళ్లని లెక్కపెట్టాను. తొమ్మిది మంది. సందు మొదట్లో ఉన్నప్పుడు శనివారాల్లో పద్నాలుగు మంది దాకా వచ్చేవారని అతనే ఎప్పుడో అన్నాడు.

"అయిదుగురు తగ్గారు," అన్నాను.

"ఇదేంటండి, మనుషుల్ని కూడా గెలల్లా లెక్కపెడతారా మీరు?" అని నవ్వాడు. నేను మనిషికి ఎంత మిగులుతుందని అడగబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "అది రాయకండి. అది రాయడం మొదలెడితే ఇక మీరు మా షాపుకి రాలేరు."

అది రాయలేదు. ఎలా రాయాలో కూడా తెలియదు. ఆ అయిదుగురు ఎన్నేళ్ల పాటు రారో, వాళ్లలో ఎవరు మిక్సీ తెస్తారో, ఎవరు ఉత్త ఫ్యూజు తెస్తారో, చెట్టు కింద నిలబడి చెప్పగలిగే లెక్క కాదు. రాయగలిగింది మాత్రం రాశాను. లక్షా ముప్పై ఏడు వేలలోంచి డెబ్బై ఎనిమిది పోగా యాభై తొమ్మిది వేలు. నెలకి పదిహేను వందల చొప్పున ఇస్తున్నాను. మొదటి నెలల్లో తీసుకోనని వాదించాడు. బల్ల మీద పెట్టి వచ్చేవాణ్ణి. ఫోన్ చేసి తిట్టేవాడు. ఇప్పుడు తిట్టడం మానేసి టీ తెప్పిస్తున్నాడు. ఈ నెలది ఇరవై రెండోసారి. అది ఇచ్చాక నేను ఇంకా ఇవ్వాల్సింది ఇరవై ఆరు వేలు.